బస్సు పట్టేంత ఊరు

"...అదే నేనూ అంటున్నది. ఆ సందులోంచి వెళ్తే మాట పూర్తయ్యేలోపు బడి వస్తుంది. మీరేమో పిల్లల్ని ఊరంతా ఊరేగించి తీసుకెళ్తారు."

"ఆ సందులో బస్సు పట్టదు."

"పిల్లలు పడతారు కదా."

"అలవాటు తప్పుతుంది."

"ఎవరికి? వాళ్లకా, మీకా?"

నేనూ తమ్ముడూ పళ్లు తోముకునే వంకతో మెట్ల మీద నిలబడి వింటున్నాం. కింద చెక్కపెట్టెలు చేసే వర్క్‌షాపు, పైన మా రెండు గదులు. పొద్దున రంపం మొదలైతే ఇంట్లో మాటలు బయటికి వినిపించవు. ఆ రోజు వర్క్‌షాపుకి సెలవు.

"పరీక్షలయ్యేదాకా చూస్తాను," అంది అమ్మ. "తర్వాత అన్నయ్య వ్యాన్ తీసుకొస్తాడు. పిల్లలతో వెళ్లిపోతాను. మీరు సెలవులకి వద్దురుగానీ."

నాన్న గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"ఇవాళ ఆఫ్ కదా," అన్నాడు. "నది రూటు చూసొస్తాం. నువ్వూ రా."

"నేనొచ్చి ఏం చెయ్యను? టిక్కెట్లు కొట్టనా?"

మేం ఆ ఊరికి వచ్చి అప్పటికి రెండు నెలలు కాలేదు. పాత ఊళ్లో డిపో మూసేశారు. డ్రైవర్లందరినీ గుప్పెడు గింజలు చల్లినట్టు తలా ఒక ఊరికి చల్లారు. మా వాటాకి ఈ ఊరు వచ్చింది. నాన్నకి పెద్ద తేడా తెలియలేదు. ఆయనకి స్టీరింగు ఎక్కడుంటే అదే ఇల్లు. అమ్మకి మాత్రం అక్కడ ఒక పేరుండేది. వీధి వీధంతా ఆమెని టైలరమ్మ అనేవాళ్లు. మేం ఎవరింటికి ఆడుకోవడానికి వెళ్లినా "టైలరమ్మ పిల్లలు" అని ముందు మా బట్టల కుట్టు చూసి, తర్వాత మా మొహాలు చూసేవాళ్లు. ఇక్కడికి వచ్చిన వారంలోనే ఇంటి ఓనరు ఎవరికో అమ్మని చూపిస్తూ "కొత్తగా వచ్చిన డ్రైవరు గారి భార్య" అన్నాడు. అమ్మ ఆ పూట అన్నం తింటూ ఆ మాట రెండుసార్లు తనలో తనే అనుకుంది, ఉప్పు సరిపోయిందా లేదా అని చూసుకుంటున్నట్టు.

నాన్న బస్సుల్లోకి రాకముందు లారీ నడిపాడు. లారీ నేర్పిన గురువు ఆయనకి ఒకే ఒక్క సూత్రం చెప్పాడట: కాలితో నడవని రోడ్డు మీద బండి నడపకు. దేశమంతా తిరిగే లారీకి అదెలా కుదురుతుందని నేనడిగితే, "కుదరదు. అందుకే లారీ మానేశాను," అన్నాడు. నవ్వుతూ అన్నాడో నిజంగానే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఆయన మొహంలో ఆ రెంటికీ తేడా ఉండేది కాదు.

కొత్త డిపోలో పద్ధతి వేరు. కొత్తగా వచ్చిన డ్రైవరు పాత డ్రైవరు పక్కన కొన్నాళ్లు కూర్చుని రూటు చూసుకుంటాడు. నాన్న అలాగే కూర్చున్నాడు. కానీ ఆయనకి తృప్తి లేదు. "అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది. ఊరు కనిపించదు," అనేవాడు. అందుకని ఆఫ్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక రూటు మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా నడిచేవాడు. మమ్మల్ని వెంట తీసుకెళ్లేవాడు. మేం దాన్ని షికారు అనుకున్నాం. షికారే. ఆయనకి పనీ షికారూ వేరు వేరుగా ఎప్పుడూ లేవు.

ఆ నడకకి ఒక వరస ఉండేది. నాన్న బస్సు. నేను కండక్టరు. మా తమ్ముడు ప్రయాణికులందరూ. వాణ్ని ఇంట్లో పిడుగు అనేవాళ్లం. పేరే పిడుగు గానీ వాడు నత్తకి అన్నయ్య. స్టాపు వచ్చినప్పుడల్లా ఆగాలి. నేను స్టాపు పేరు గట్టిగా చెప్పాలి. పిడుగు దిగి, మళ్లీ ఎక్కాలి. అంటే నాన్న చొక్కా వదిలేసి, అటూ ఇటూ చూసి, మళ్లీ పట్టుకోవాలి. అప్పుడు నేను "రైట్ రైట్" అంటే బస్సు కదిలేది. దారిన పోయేవాళ్లు చూస్తే నాకు సిగ్గేసేది. నాన్నకి వేసేది కాదు. మలుపు దగ్గర ఆయన ముందు కొంచెం కుడికి జరిగి, అప్పుడు ఎడమకి తిరిగేవాడు.

"ఎందుకు నాన్నా అలాగ?"

"వెనక తోక ఉంది కదా. ముందు తిరిగేసినంత మాత్రాన వెనకాలది తిరగదు. మీరిద్దరూ గోడకి కొట్టుకుంటారు."

చెట్టు కొమ్మ రోడ్డు మీదికి వంగి ఉంటే దాని కింద నిలబడి చెయ్యెత్తి, కాలి వేళ్ల మీద లేచి కొలిచేవాడు. వానకి నీళ్లు ఎక్కడ నిలుస్తాయో గోడ మీద మరక చూసి చెప్పేవాడు. ఒక ముసలాయన కుర్చీ రోడ్డు మీదికి వేసుకుని కూర్చునే చోటుంది. అక్కడ నాన్న ఆగి ఆయనకి నమస్కారం పెట్టి, "రేపటి నుంచి నేనొస్తానండీ ఈ బస్సులో," అని చెప్పుకున్నాడు. ఆయన కుర్చీ వెనక్కి జరపలేదు. నాన్న జరపమనలేదు కూడా. ఎక్కడుందో తెలిస్తే చాలన్నాడు. మార్కెట్టు మలుపులో ఒక కుక్క పడుకునేది. "అది లేవదు. హారన్ కొట్టినా లేవదు. మనమే తప్పుకోవాలి," అన్నాడు, ఇంటి పెద్దల గురించి చెప్పినట్టు.

అలా మేం ఆ ఊరు చూశాం. నది రూటులో రెండు వంతెనలు, పాతదీ కొత్తదీ. పాతదాని మీద ఇనుప దూలాలు ఎంత కిందికి ఉంటాయో, కొత్తదాని కింద పావురాలు ఎలా గోల చేస్తాయో చూశాం. ఫ్యాక్టరీ రూటు చివర గాజు ఫ్యాక్టరీ ఉండేది. దాని వెనక ఇసక గుట్టలు ఎక్కి జారాం. వాచ్‌మన్ కసురుకుంటే నాన్న "డిపో నుంచి వచ్చాం," అన్నాడు. అతను అదేదో తనిఖీ అనుకుని మాకు కుర్చీలు వేశాడు. కొండ రూటు చివర బస్సు తిప్పుకునే చోటు ఉంది. అక్కడ పిట్టగోడ మీద కూర్చుని అమ్మ కట్టిచ్చిన బ్రెడ్డూ ఉడికిన గుడ్లూ తినేవాళ్లం. ఊరంతా కింద పరిచినట్టు కనిపించేది. నాన్న వేలితో గాలిలో గీతలు గీసి చూపించేవాడు. అది నది రూటు, అది ఆస్పత్రి రూటు, అదిగో అక్కడ ఎర్రబస్సు ఇప్పుడు మలుపు తీసుకుంటోంది చూడు, వాడు లేటు.

"మనిల్లేది నాన్నా?" అనడిగాడు పిడుగు.

నాన్న చాలాసేపు వెతికాడు. కళ్లు చిట్లించాడు. వేలు ఒక రోడ్డు మీద ప్రయాణం చేసి మధ్యలో ఆగిపోయింది.

"అటువైపేరా," అన్నాడు. "రూటులో లేదు."

ఇంట్లోనూ అంతే. కంచంలోకి కూర అందించాలంటే "ఇటు ఒక టర్నింగు తీసుకో" అనేవాడు. చుట్టాలు బయల్దేరితే గుమ్మంలో నిలబడి, వాళ్లు చెప్పులు వేసుకునేదాకా ఓపిగ్గా ఉండి "రైట్ రైట్" అనేవాడు. నిద్రలో కుడికాలు ఉన్నట్టుండి బిగుసుకునేది. అమ్మ కళ్లు తెరవకుండానే "ఎవరూ అడ్డం రాలేదు, పడుకోండి," అనేది.

ఇంకో ఊరు ఉందని నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం అమ్మతో దారాలు కొనడానికి వెళ్లినప్పుడు. మా వర్క్‌షాపు వెనక గేటు తీస్తే ఒక సందు. నేను చేతులు చాపితే రెండువైపుల గోడలూ అందేంత సందు. అది ఇంకో సందులోకి, అది మరో దాంట్లోకి. ఆరేసిన బట్టల కింద వంగి వంగి వెళ్లాలి. తాళంచెవులు చేసే మామ ఒకడు, సైకిళ్లు బాగుచేసేవాడొకడు. ఒక అరుగు మీద చిన్న కొట్టులో సీసాల నిండా గుండీలు పెట్టుకుని కూర్చున్న ముసలావిడ. ఆవిణ్ని అందరూ గుండీల అవ్వ అంటారు.

"ఏమ్మా టైలరమ్మా," అంది అవ్వ అమ్మని చూడగానే. "కాలరు తిరగేసి కుట్టడం చూపిస్తానన్నావు. నాలుగు రోజులుగా పత్తా లేవు. మీ ఆయన్ని తిరగేస్తున్నావేమో అనుకున్నా."

"ఆయన తిరగబడే రకం కాదవ్వా. రెండువైపులా ఒకటే రంగు."

అవ్వ కోడలు లోపల్నుంచి నవ్వింది. సైకిలతను పంపు వదిలేసి వచ్చి, తన చొక్కా చంక దగ్గర పిగిలింది చూపించి, "ఇది బాగవుతుందా అక్కా, దీనికి వీడ్కోలు చెప్పెయ్యనా?" అన్నాడు. అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని సూది అడిగింది. నేను గుండీల సీసాల్లో చేతులు పెట్టి ఆడుకున్నాను. ఇంటికి వస్తూ దారిలో, "ఈ ఊరు బాగుందమ్మా," అన్నాను.

"ఇదేం ఊరే, సందు," అంది అమ్మ.

అది జరిగింది వానలు మొదలైన కొత్తలో. నాకు జ్వరం, ఇంట్లో ఉన్నాను. అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. ఆ రోజు బళ్లో నీళ్ల పైపు పగిలి గదుల్లోకి నీళ్లు వచ్చాయని పిల్లల్ని మధ్యలోనే పంపేశారు. పిడుగు ఒక్కడే బయల్దేరాడు. వాడికి తెలిసిన దారి నాన్న నేర్పింది ఒక్కటే. బస్సు దారి. బడి గేటు దాటి పెద్దరోడ్డెక్కి, ఎడమపక్కన నడుస్తూ, స్టాపు వచ్చినప్పుడల్లా ఆగాడు. ఆగి, అటూ ఇటూ చూసి, "రైట్ రైట్" అనడానికి నేను లేను కాబట్టి ఎవరైనా వచ్చి ఎక్కి దిగేదాకా నిలబడ్డాడు. ఎవరూ రాకపోతే వచ్చేదాకా నిలబడ్డాడు. ఆ పద్ధతిలో మా ఇంటికి రావాలంటే వాడికి పెళ్లీడు వచ్చుండేది.

కింద వర్క్‌షాపులో పనిచేసే ఆయన కూతురు అదే బడి. ఆ పిల్ల పుస్తకాల సంచీతో మెట్ల దగ్గర కనిపించగానే అమ్మకి విషయం తెలిసింది. నన్ను వర్క్‌షాపు ఆయనకి అప్పజెప్పి వెనక గేటులోంచి పరిగెత్తింది. బడికి తాళం వేసుంది. వాన పట్టుకుంది. అమ్మ సందులోకి తిరిగొచ్చి గుండీల అవ్వతో ఒక్కమాట చెప్పింది, అంతే. అవ్వ కొట్టు మూసింది. సైకిలతను ఎక్కడి చక్రం అక్కడే వదిలేశాడు. తాళాల మామకి చెవుడు, ఆయనకి చేతులతో పిల్లవాడి ఎత్తు చూపిస్తే గొడుగు తీసుకుని ఒకవైపు బయల్దేరాడు. కిరాణా కొట్టాయన కూడా షట్టరు సగం దించి వెళ్లాడు. సందు సందూ వెతికారు. మెట్ల కిందా, నీళ్ల తొట్ల వెనకా చూశారు. పెద్దరోడ్డు మీద ఎవరూ చూడలేదు. అంత చిన్నపిల్లాడు బడి నుంచి ఇంటికి పెద్దరోడ్డు మీంచి వస్తాడని అనుకోవడానికి వాళ్లకి మా నాన్న తెలియడు. తెలిసిన అమ్మకి ఆ కంగారులో తట్టలేదు.

ఆ మధ్యాహ్నం నాన్నది ఫ్యాక్టరీ రూటు. ఆస్పత్రి స్టాపులో షెల్టరు కింద ఒక పిల్లవాడు చెయ్యి అడ్డంగా పెట్టి బస్సు ఆపాడు. కండక్టరు వంగి చూసి, "గురూ, ఈ ప్యాసింజరు మీ ఇంటివాడిలా ఉన్నాడు," అన్నాడట.

"ఎక్కడికిరా?" అన్నాడు నాన్న.

"ఇంటికి."

"ఈ బస్సు ఇంటికి పోదురా."

"అన్ని బస్సులూ మనింటికే కదా నాన్నా పోయేది."

నాన్న వాణ్ని ఎక్కించుకున్నాడు. నిండుబస్సు వదిలి దిగలేడు. వాణ్ని వానలో దింపలేడు. మా ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి, చివరి స్టాపులో దిగి మాకు కబురు అందించే కిరాణా కొట్టుకి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. కొట్టాయన ఎక్కడో నీళ్ల తొట్టి వెనక వంగి మా పిడుగుని పిలుస్తున్నాడు. మళ్లీ ట్రిప్పుంది. నాన్న తిరిగి ఎక్కాడు.

డ్యూటీ దిగి సాయంత్రం వచ్చేసరికి పిడుగు ఆయన భుజం మీద నిద్రపోతున్నాడు. చేతిలో కండక్టరు కొనిపెట్టిన బిస్కెట్ల కాగితం ఉంది. అమ్మ చీర మోకాళ్ల దాకా బురద. వాణ్ని లాక్కుని ఒళ్లంతా తడిమి చూసి, అప్పుడు నాన్న వైపు తిరిగింది.

"ఎక్కడున్నాడు?"

"నా బస్సులోనే."

"ఎప్పట్నుంచి?"

నాన్న చెప్పాడు.

"నేను వీడికోసం గోడల్ని కూడా అడిగాను," అంది అమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "వీడు మీ బస్సులో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. పిల్లాడికి దారి నేర్పమంటే రూటు నేర్పారు. పొరపాటున మీరు రైలు నడిపుంటే నా కొడుకు ఈపాటికి పట్టాల మీద ఉండేవాడు."

నాన్న తల వంచుకుని బూట్ల తాడు విప్పుతున్నాడు. అది అప్పటికే విప్పి ఉంది.

ఇంకా ఏమనేదో. మెట్ల మీద అడుగులు వినిపించాయి. సైకిలతను తలుపు దగ్గర నిలబడి, "దొరికాడా అక్కా?" అన్నాడు. అతని వెనక కిరాణా ఆయన. తర్వాత తాళాల మామ, గొడుగు నుంచి నీళ్లు కారుతుంటే లోపలికి రాకుండా పిల్లవాణ్ని చూపించమని సైగ చేశాడు. గుండీల అవ్వని కోడలు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. మాకు తెలియని ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు. గుమ్మం ముందు తడి చెప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవ్వ పిడుగు చెంప గిల్లి, "ఊరంతా చూసొచ్చావట్రా దొంగా, మాకేం తెచ్చావు?" అంది. వాడు బిస్కెట్ల కాగితం ఇచ్చాడు.

అమ్మ అందరికీ టీ పెట్టింది. గ్లాసులు చాలక కింద వర్క్‌షాపు నుంచి తెచ్చాం. నాన్న మూలన నిలబడి, బస్సు నిండిపోయినప్పుడు అద్దంలోంచి చూసినట్టు ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. వాళ్లు వెళ్లాక గుమ్మంలో "రైట్ రైట్" అనడం కూడా మర్చిపోయాడు.

"ఎవరు వీళ్లంతా?" అన్నాడు.

"వెనక సందు వాళ్లు," అంది అమ్మ, గ్లాసులు తీస్తూ.

తర్వాతి ఆఫ్ రోజు నాన్న పొద్దున్నే బూట్లు వేసుకుని కూర్చున్నాడు. ఏ రూటు నాన్నా అని నేనడిగాను. ఆయన అమ్మ వైపు చూసి, "ఆవిణ్నడుగు," అన్నాడు. అమ్మ కాసేపు వినిపించుకోనట్టు కొత్తిమీర వలిచింది. తర్వాత చేతులు కడుక్కుని చెప్పులు వేసుకుంది.

ఆ రోజు అమ్మ ముందు, మేం వెనక, అందరికన్నా వెనక నాన్న. సందులో ఆయన సరిగ్గా నడవలేకపోయాడు. ప్రతి మూలలోనూ ముందు కుడికి జరగబోయి గోడకి భుజం రాసుకున్నాడు. ఆరేసిన దుప్పటి ఒకటి నెత్తిన పడింది. గుండీల అవ్వ అరుగు మీంచి అంతా చూస్తోంది.

"ఏం నాయనా, అంత వెడల్పుగా తిరుగుతున్నావు? వెనక బోగీలేమన్నా ఉన్నాయా?"

"అలవాటమ్మా," అన్నాడు నాన్న.

"ఎవరే ఈయన?" అంది లోపల్నుంచి అవ్వ చెల్లెలు.

"టైలరమ్మ మొగుడే," అంది అవ్వ. "ఏదో బండి నడుపుతాడంట."

నాన్న నమస్కారం పెట్టాడు. అమ్మ గబుక్కున అటు తిరిగి సీసాలో గుండీలేవో ఎంచడం మొదలుపెట్టింది. చాలాసేపు ఎంచింది. సైకిలతను నాన్నకి స్టూలు వేశాడు. అక్కడ కూర్చుని నాన్న, ఆ సందులో నీళ్లు ఎటు పోతాయి, రాత్రి దీపం ఎవరు వేస్తారు, ఆ మూల రాయి ఎందుకు ఉంది అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. ఆ రాయికి కాలు తగిలి అందరూ పడుతూనే ఉంటారట, ఎవరూ తియ్యరట. "ఎక్కడుందో తెలిస్తే చాలు," అన్నాడు నాన్న. అవ్వ ఆయన వైపు మొదటిసారి మర్యాదగా చూసింది.

ఆ తర్వాత ఆఫ్ రోజులు పంచుకున్నారు. ఒకసారి రూటు, ఒకసారి సందు. సందు రోజున పిడుగు స్టాపుల్లేక కంగారు పడేవాడు. అందుకని అవ్వ కొట్టునీ, తాళాల మామనీ, సైకిలతన్నీ స్టాపులు చేశాం. రూటు రోజున అమ్మ కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. టిక్కెట్లు కొట్టలేదు గానీ, నేను స్టాపు పేరు తప్పు చెప్తే సరిదిద్దేది. అవ్వ కొట్టు పక్కన ఒక చిన్న గది ఖాళీ అయిందనీ, మంచి వెలుతురుందనీ అవ్వ కోడలు అమ్మతో చాలాసార్లు అంది. అమ్మ "చూద్దాం" అనేది. ఇంట్లో ఎవరూ పరీక్షల మాట ఎత్తలేదు. కాలెండరు గోడ మీద అందరికీ కనిపిస్తూనే ఉంది.

పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున నాన్న డ్యూటీకి తయారవుతున్నాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని పిడుగు చొక్కాకి గుండీ కుడుతోంది. నాన్న టోపీ దులిపి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మీ అన్నయ్య ఎప్పుడొస్తున్నాడు?" అన్నాడు. "ఆ రోజు డ్యూటీ మార్చుకుంటాను. సామాను ఎక్కించాలి కదా."

అమ్మ గుండీ చుట్టూ దారం ఇంకోసారి తిప్పింది.

"పాత వంతెన మీంచి రావద్దని చెప్పు. దూలాలు బాగా కిందికున్నాయి, సామాను పైకి కట్టుకుంటే తగుల్తుంది. ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగి రమ్మను. మార్కెట్టు మలుపులో కుక్క ఉంటుంది, చూసుకోమను. అక్కడ కొంచెం కుడికి తీసి అప్పుడు తిరగాలి. ఆయనకి ఈ ఊరు తెలియదు కదా, కావాలంటే నేను కొత్త వంతెన దగ్గర నిలబడతాను."

అమ్మ దారం పళ్లతో తెంపి, గుండీ ఒకసారి లాగి చూసింది.

"నిన్న అన్నయ్యకి ఫోన్ చేశాను," అంది. "వ్యాన్ తేవద్దని చెప్పాను. మేం ఇక్కడే ఉంటున్నాం."